స్తూపానికి తాళం

మా వీధిలో ఒక అలవాటుంది. లోపల మనిషి ఉండగా బయటి నుంచి గొళ్ళెం పెట్టం. సరదాకి కూడా పెట్టం. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు తెలియక ఆ పని చేశారంటే, మా అత్త వాళ్ళ గుమ్మం ముందుకే వెళ్ళి వీధంతా వినేలా చీవాట్లు పెట్టి వస్తుంది.

ఈ అలవాటు ఎక్కడిదో చెప్పాలంటే వీధి చివర స్తూపం చూపించాలి. ఒకప్పుడు అక్కడ బట్టలు కుట్టే కార్ఖానా ఉండేది. పనివాళ్ళు మధ్యలో బయటికి పోకుండా యజమాని తలుపుకు తాళం వేయించేవాడు. నిప్పంటుకున్న రోజు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు. పోయినవాళ్ళలో మా పెద్దత్త ఉంది. అత్తదీ అక్కడే పని. ఆ రోజు జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంది కాబట్టి మిగిలింది.

తర్వాత వీధివాళ్ళే చందాలు వేసుకుని రాయి నిలబెట్టి, పేర్లు చెక్కించి, చుట్టూ అరుగు కట్టించారు. అత్త ఇక మిషను ముట్టదనుకున్నారంతా. ఆవిడ సరిగ్గా ఆ అరుగు ఎదుటే బడి యూనిఫారాలు కుట్టే దుకాణం పెట్టింది. తలుపు రెక్కలు ఊడదీయించి పరదా కట్టింది. దొంగలొస్తారు కదా అంటే, "రానీ, కూర్చోబెట్టి గుండీలు కుట్టిస్తా" అనేది.

సాయంత్రమైతే ఆడవాళ్ళమంతా కాజాలు కుట్టుకోవడానికి అరుగుమీదికి చేరతాం. పిల్లలు పేర్లమీద వేలు పెట్టి అక్షరాలు కూడబలుక్కుంటారు. నేను మొదట చదివిన మాట పెద్దత్త పేరే.

అలాంటి చోట, మున్సిపాలిటీ వాళ్ళు నగరాన్ని అందంగా చేస్తున్నామంటూ స్తూపం చుట్టూ ఇనుప కంచె వేసి, గేటు పెట్టి, తాళం బిగించి పోయారు. ఏడాదికోసారి దండలు వేసే రోజున తీస్తారట! అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు అత్త కుట్టుసంచీతో వెళ్ళి కంచె ముందు రోడ్డుమీదే చతికిలబడి కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. మేమూ చేరాం. బండ్లు ఆగిపోయాయి. చివరికి ఇంజనీరు దిగాడు, వెంట తాళంచెవితో కాపలా మనిషి.

"అమ్మా, ఇది మీవాళ్ళ గౌరవం కోసమే. అందరూ ఎక్కి కూర్చుంటే రాయి పాడవదా?"

"మా అక్క ఒళ్ళో పెరిగినదాన్ని బాబూ. ఆవిడ దగ్గర కూర్చోడానికి మీ చీటీ కావాలా?"

అక్షరాలు ఎలా అరిగాయో చూపిస్తానంటూ ఇంజనీరు గేటు తీయించుకుని లోపలికి వెళ్ళాడు. అంతే, వెల్డింగు షాపు మామయ్య ధడాలున గేటు మూసి తాళం నొక్కేశాడు.

"ఉండనీ కాసేపు! తెలిసొస్తుంది!"

వీధంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను. ఇంజనీరు కంచె పట్టుకుని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

అత్త దిగ్గున లేచింది.

"నోళ్ళు ముయ్యండి! మనిషి లోపలుండగా తాళమా? మన వీధిలోనా? అదీ మా అక్క ముందరా?"

కాపలా మనిషి చేతిలోంచి తాళంచెవి లాక్కుని తాళం తీసింది. ఇంజనీరు బయటికొచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. అత్త అతనికి గ్లాసుతో నీళ్ళిచ్చింది. తాళం మాత్రం తన సంచీలో వేసుకుంది.

"అమ్మా, అది ప్రభుత్వం సొత్తు. కేసవుతుంది."

"పెట్టుకో నాయనా. ఇంకోటి వేస్తే అదీ ఊడదీస్తా. నేను పోయాక ఇది ఊడదీస్తుంది" అని నన్ను చూపించింది. నేను తలూపాను.

మామయ్య ముఖం వేలాడేసుకుని షాపుకు వెళ్ళి, కోత మిషను తెచ్చి గేటు కీళ్ళు కోసేశాడు. ఇంజనీరు చేతిలో గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

ఆ తాళం ఇప్పటికీ మా దుకాణంలోనే ఉంది. కత్తిరించేటప్పుడు బట్ట జారకుండా ఒక కొసన దాన్నే బరువుగా పెడుతుంది అత్త. రెండో కొసకు కూడా ఒకటి పంపిస్తారేమోనని చూస్తున్నాం.