ఎవరి నిచ్చెన ఎవరింట్లో

మామయ్య ఎవరి దగ్గర ఏ వస్తువు అరువు తెచ్చుకున్నా తప్పకుండా తిరిగిచ్చేస్తాడు. ఆ విషయంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. పైగా శుభ్రంగా తుడిచి, చెప్పిన వేళకన్నా ముందే ఇచ్చేస్తాడు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. తెచ్చిన ఇంట్లో ఇవ్వడు, వేరే ఇంట్లో ఇచ్చి వస్తాడు.

వరసకు ఆయన మామయ్య అయ్యేది ఒక్క కోడలికే అయినా వీధి వీధంతా అలాగే పిలిచేది. చాటుగా మాత్రం "అరువు మామయ్య" అనేవారు. బస్సు ఆఖరున ఆగే చోటు దాటి, ఆయాసపడుతూ చాలా దూరం నడిస్తే వచ్చే కొత్త కాలనీ అది. ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, గేట్లన్నిటికీ ఒకే రంగు. తలా ఒక చోటి నుంచి వచ్చి ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు. పొద్దున్నే గేటు తీసి పనికి పోవడం, సాయంత్రం వచ్చి గేటు వేసుకోవడం. పక్కింటాయన ముఖం కన్నా ఆయన స్కూటరు చప్పుడే అందరికీ బాగా గుర్తు.

అలాంటి వీధిలో ఎవరి గేటైనా చప్పుడైందంటే మామయ్యకు ఏదో కావలసి వచ్చిందన్నమాటే.

"అబ్బాయ్, సుత్తి ఉందా? ఇలా తీసుకెళ్ళి అలా ఇచ్చేస్తా."

సుత్తి ఎలక్ట్రీషియన్‌ది. అది తిరిగి చేరింది ఎదురింటి టైలరమ్మకు. సాయంత్రానికి ఆవిడ సుత్తి పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షం.

"మామయ్యా, ఇది మాది కాదు."

"అవునా! చూడు మరి. ఎవరిదై ఉంటుందంటావ్?"

"పిడికి నల్లటేపు చుట్టి ఉంది. ఎలక్ట్రీషియన్‌దేమో!"

"అయ్యుంటుంది, అయ్యుంటుంది. నేనే వెళ్ళి ఇచ్చేవాణ్ణి గాని తల్లీ, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. కాస్త ఇచ్చి రాకూడదూ?"

టైలరమ్మ గొణుక్కుంటూ సుత్తితో బయల్దేరింది. ఆవిడ అటు తిరగ్గానే మొరాయించిన ఆ మోకాళ్ళే వీధిలో అవతలి కొసకు చకచకా నడిచివెళ్ళి, నర్సమ్మను ఇస్త్రీపెట్టె అడిగాయి.

ఇంకోసారి నర్సమ్మ ప్రెషర్ కుక్కరు తెచ్చాడు. గిన్నె నర్సమ్మకే ఇచ్చాడు, ఫరవాలేదు. మూత మాత్రం ఎలక్ట్రీషియన్ ఇంట్లో ఇచ్చాడు. డ్యూటీ దిగి ఆకలితో నకనకలాడుతూ వచ్చిన నర్సమ్మ మూతలేని కుక్కరు చంకన పెట్టుకుని మామయ్య మీదికొచ్చింది.

"అసలు రెండూ విడివిడిగా ఎలా ఇచ్చారండీ?"

"రెండూ కలిపి బరువుగా ఉన్నాయమ్మా" అన్నాడు మామయ్య. తిట్టడానికి నోరు తెరిచిన నర్సమ్మ గిరుక్కున తిరిగి మూత వెతుక్కుంటూ వెళ్ళింది.

ఇదంతా చూసి కోడలికి తల కొట్టేసినట్టయ్యేది. ఆవిడ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పేరు రాయని సీసా కనిపిస్తే ఆమెకు అన్నం సహించదు. మామయ్య తెచ్చే ప్రతి వస్తువు మీదా సొంతదారు ఎవరో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి అంటించడం మొదలుపెట్టింది. దాంతో సంగతి ఇంకా అధ్వాన్నమైంది. "టైలరమ్మ కత్తెర" అని కొట్టొచ్చినట్టు రాసి ఉన్న కత్తెర తిన్నగా నర్సమ్మ ఇంటికి చేరింది.

"అంత పెద్దగా రాశాను కదా మామయ్యా! మీకు కనపడలేదా?"

"కనపడకేం తల్లీ! ముత్యాల్లాంటి అక్షరాలు. నర్సమ్మ కూడా మెచ్చుకుంది."

నవ్వాలో ఏడవాలో కోడలికి తెలిసేది కాదు. నిజానికి నవ్వు కన్నా భయమే ఎక్కువగా ఉండేది. ఎందుకంటే మామయ్య పనిచేసింది రైల్వే పార్సిల్ ఆఫీసులో. ఉద్యోగమంతా మూటలూ పెట్టెలూ సైకిళ్ళూ కోళ్ళబుట్టలూ ఊరూరికీ పంపిన మనిషి, ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పు ఊరికి పంపలేదని పై అధికారులే చెప్పుకునేవారు. అలాంటి మనిషి ఇప్పుడు ఎదురింటి కత్తెర ఎదురింట్లో ఇవ్వలేకపోతున్నాడంటే అర్థమేమిటి?

"నాన్నకు మతిమరుపు వచ్చేసిందేమో" అన్నాడు ఆమె భర్త ఓ రోజు గొంతు తగ్గించి.

"ఆ మాట నోటితో అనకండి" అంది ఆమె. కాని తనూ అదే అనుకుంటోంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఈ రోజు ఏ వారం అనడిగాడు డాక్టరు, మామయ్య చెప్పాడు. వందలోంచి ఏడు చొప్పున తీసేసుకుంటూ రమ్మన్నాడు, ఆయన ఆపమనేదాకా గడగడా తీసేశాడు. కళ్ళు మూసుకుని గదిలో ఏమున్నాయో చెప్పమన్నాడు. మామయ్య కుర్చీలు, పరదాలు, గడియారంతో సహా చెప్పి, "మీ చొక్కా రెండో గుండీ వదులైంది డాక్టరుగారూ, మా ఎదురింటి టైలరమ్మకిస్తే చిటికెలో కుట్టేస్తుంది" అని ముగించాడు.

డాక్టరు గుండీ తడుముకుని కోడలితో పక్కకు వచ్చాడు. "జ్ఞాపకశక్తి నాకన్నా బాగుంది. కాని ఒక్కోసారి ఏదో ఒక్క విషయంలోనే తేడా మొదలవుతుంది. మళ్ళీ ఇలా జరిగితే మాత్రం ఒంటరిగా బయటికి పంపకండి. గేటుకు తాళం వేసుకోవడం మంచిది."

తాళం వేస్తే లోపల ఎవరో ఒకరు ఉండాలి. ఇంట్లో ఉన్నది ముగ్గురు. భర్తకు ప్రింటింగ్ ప్రెస్సులో రాత్రి డ్యూటీలు, కాబట్టి ఉద్యోగం మానాల్సింది తనే. అదొక బాధ. అంతకు మించి, గాలికి తిరిగే ఆ మనిషిని గేటుకు ఇవతల నిలబెట్టడం తలుచుకోవడానికే ఆమెకు ఇష్టం లేకపోయింది. ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఇంకొక్కసారి తప్పింట్లో ఇచ్చారంటే గేటుకు తాళమే మామయ్యా. ఆయన తాళం కూడా కొని తెచ్చేశారు. నా మొహం చూసైనా మానేయండి."

మామయ్య ఆమె మొహం చూశాడు. "సరే తల్లీ" అన్నాడు బుద్ధిగా.

నిజంగానే మానేశాడు. వరండాలో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. వీధికి ఏమీ తోచలేదు. టైలరమ్మ రెండుసార్లు గేటు దగ్గరికి వచ్చి, "మామయ్యకు ఒంట్లో బాగానే ఉందా? కత్తెర పదును పెట్టించాను, కావాలేమో అడగండి" అంది. నర్సమ్మయితే ఆయన నాడి కూడా పట్టుకుని చూసిపోయింది.

ఇంతలో వీధికి పెద్ద కబురు వచ్చింది. ఆదివారం నుంచి బస్సు కాలనీ లోపలికి వస్తుందట! ఇక ఆ దిక్కుమాలిన నడక ఉండదు. బస్సు ఇన్‌స్పెక్టరు ముందే వచ్చి చూసిపోతూ, మలుపులో కిందికి వాలిన చెట్టుకొమ్మ చూపించాడు. "ఇది కొట్టించండి. బస్సుకు తగిలిందా, వెనక్కి తిప్పుకుని పోతాం." తన రంపంతో ఆదివారం పొద్దున్నే కొట్టేస్తానని ఎలక్ట్రీషియన్ మాటిచ్చాడు. అంత ఎత్తు అందే నిచ్చెన వీధి మొత్తానికి టైలరమ్మ ఇంట్లోనే ఉంది.

శనివారం సాయంత్రం కోడలి ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. నిచ్చెన లేనిదే కుదరదు. మనసు పీకుతున్నా తెమ్మంది. పనయ్యాక మామయ్య నిచ్చెన భుజానికెత్తుకుంటే వెంట గేటు దాకా వచ్చింది.

"ఎదురింటికే కదా మామయ్యా?"

"ఎదురిల్లే కదమ్మా, కనపడుతూనే ఉంది."

ఆయన వీధి దాటుతుండగా లోపల ఫోను మోగింది. ఆమె వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి మామయ్య ఖాళీ చేతులతో తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

ఆదివారం తెల్లవారగానే టైలరమ్మ తలుపు బాదింది.

"నిచ్చెన ఇస్తే కొమ్మ కొట్టేస్తారట!"

"నిన్ననే ఇచ్చేశారుగా!"

"మాకెక్కడిచ్చారు?"

కోడలు లోపలికి తిరిగి "మామయ్యా!" అని కేకేసింది. జవాబు లేదు. కుర్చీ ఖాళీ, చెప్పులు లేవు. నిచ్చెనతో పాటు మామయ్య కూడా మాయం!

ఇద్దరూ పరుగున ఎలక్ట్రీషియన్ ఇంటికి వెళ్ళారు. రంపం సిద్ధంగా ఉంది, నిచ్చెన లేదు. "బస్సొచ్చే వేళవుతోంది, వెతకండి!" అని ఆయనా, ఆయన భార్యా వీధిన పడ్డారు. నర్సమ్మ తల సగం దువ్వుకుని, దువ్వెన జుట్టులోనే ఉంచుకుని వచ్చి కలిసింది. గేటు గేటుకూ గుంపు పెరుగుతోంది. పెరటి వైపు కొందరు, మేడ మీదికి కొందరు. ఎవరింట్లో ఎవరు దూరుతున్నారో తెలియదు.

ఆ హడావిడిలో కోడలు ఒక చోట టక్కున ఆగిపోయింది. టైలరమ్మ అడగకుండానే ఎలక్ట్రీషియన్ వంటింట్లోకి వెళ్ళి, రెండో అలమరలోంచి గ్లాసు తీసుకుని, నీళ్ళు తాగి, కడిగి బోర్లించి వచ్చింది. "వదినా, మీ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి చూసుకో!" అని ఎలక్ట్రీషియన్ భార్య పక్కవాకిట్లోంచి నర్సమ్మకు కేకేసింది.

"మీరు వదినా మరదళ్ళెప్పుడయ్యారు?" అంది కోడలు ఆశ్చర్యంగా.

"కుక్కరు మూత కోసం వెళ్ళిన రోజునే" అంది నర్సమ్మ. "ఇప్పుడేం వండుకుంటావు, రా తిను అని కూర్చోబెట్టేసింది. అప్పట్నుంచీ నా రాత్రి భోజనం అక్కడే."

"నాకు ఈ వీధిలో మొదట పరిచయమైంది వీళ్ళే. మీ మామయ్య సుత్తి పుణ్యమే" అంది టైలరమ్మ.

మరి కత్తెర? నర్సమ్మ కత్తెర ఇవ్వడానికి టైలరమ్మ దగ్గరికెళ్ళి, యూనిఫారాలు కుట్టించుకుని, ఆసుపత్రిలో నర్సులందరివీ ఆవిడకే ఇప్పించింది. కోడలి బుర్ర గిర్రున తిరిగింది. తను ఏ వస్తువు గురించి తల దించుకుందో ఆ వస్తువు దగ్గరల్లా ఇద్దరు మనుషులు చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్కటీ గురి తప్పలేదు.

"ఇక చివరిల్లే మిగిలింది" అన్నాడు ఎలక్ట్రీషియన్. అందరూ కొంచెం తగ్గారు. చివరింటాయన ఆ మధ్యే వచ్చాడు, ఒంటరి మనిషి. తలుపు తీయడు, పలకడు. కిటికీ పరదా పక్కన అప్పుడప్పుడూ ఒక కన్ను మాత్రం కనిపిస్తుంది. మహా కోపిష్ఠి అని ఎవరో అంటే, ఎవరూ చూడకుండానే అందరూ నమ్మేశారు.

గుంపుగా వెళ్ళి చూస్తే ఆ గేటు బార్లా తెరిచి ఉంది. లోపల నరమానవుడు లేడు. అంతలో మలుపు వైపు నుంచి కర్ కర్ మని రంపం చప్పుడు!

పరుగులు తీశారు. చెట్టుకు ఆనించి టైలరమ్మ నిచ్చెన. పైమెట్టు మీద చివరింటాయన లుంగీ ఎగ్గట్టి కొమ్మ కోస్తున్నాడు. కింద నిచ్చెన పట్టుకుని, "ఇంకొంచెం ఎడమకు, ఎడమకు!" అని మామయ్య అరుస్తున్నాడు.

"ఈ నిచ్చెన ఎవరిదండీ?" అని చివరింటాయన పైనుంచే అడిగాడు. "ఈ పెద్దాయన రాత్రి తెచ్చి, మీ నిచ్చెన మీకిచ్చేస్తున్నా అని పెట్టేసి పోయారు. నాకసలు నిచ్చెనే లేదు. పొద్దున్నే ఎవరిదో కనుక్కుందామని బయల్దేరితే ఇక్కడ ఆపేశారు. నేను కలప డిపోలో పనిచేశానులెండి, ఇంట్లో పాత రంపం ఉంటే తెచ్చాను, ఇది నాకు చేతనైన పనే." తర్వాత కాస్త సిగ్గుపడి, "వచ్చినప్పట్నుంచీ బయటికి రావాలనే ఉంది. ఏ వంకన రావాలో తెలియలేదు" అన్నాడు.

కొమ్మ ధబ్బున పడింది. నర్సమ్మ ఇంట్లోంచి తెచ్చిన తాడు కట్టి, అందరూ తలో పక్కా పట్టుకుని లాగేశారు. అదే క్షణాన దూరంగా హారను! "వచ్చేస్తోంది, వచ్చేస్తోంది!" అని టైలరమ్మ గంతులేసింది. బస్సు మలుపు తిరిగి, ఎక్కడా గీరుకోకుండా వీధిలోకి వచ్చేసింది. చప్పట్లు, ఈలలు. నర్సమ్మ తలలో దువ్వెనతోనే బస్సెక్కి డ్రైవరుతో చెయ్యి కలిపింది.

ఆ సందడిలో కోడలు మామయ్యను పక్కకు లాగింది.

"నిజం చెప్పండి. గుర్తులేకే ఇచ్చారా ఇవన్నీ?"

మామయ్య అటూ ఇటూ చూశాడు. "పార్సిల్ ఆఫీసులో నేను చూసిందేమిటంటే అమ్మాయ్, సరిగ్గా చేరిన మూట కోసం ఎవరూ ఎవరి దగ్గరికీ రారు. దారి తప్పిన మూట కోసం మాత్రం మనిషి వెతుక్కుంటూ వస్తాడు. కూర్చుంటాడు, కష్టం సుఖం చెబుతాడు. పక్కింటివాళ్ళతో మాట్లాడండి బాబూ అంటే ఈ వీధిలో ఎవరు వింటారు?"

"తాళం వేస్తామన్నాం కదా! అయినా నిన్న మళ్ళీ ఎందుకు చేశారు?"

"మానేద్దామనే అనుకున్నా. కాని బస్సొచ్చే రోజు వీధంతా బయటుంటే ఆయనొక్కడూ కిటికీలోంచి చూస్తాడా? మనసొప్పలేదు. వేస్తే వేశారులే అనుకున్నా."

కోడలికి కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అప్పుడే బస్సులోంచి ఆమె భర్త డ్యూటీ ముగించుకుని దిగాడు. దిగీ దిగగానే ఎవరో నిచ్చెన సంగతి చెవిన వేసినట్టున్నారు, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మళ్ళీ తప్పింట్లోనే ఇచ్చారట కదా! తాళం వేసేద్దామా?"

"ఎవరు చెప్పారు తప్పిల్లని?" అంది ఆమె. "ఇవ్వాల్సిన ఇంట్లోనే ఇచ్చారు. ఆ తాళం కొట్లో వాపసిచ్చేసి రండి."

కొమ్మ లాగిన తాడు నేల మీద పడి ఉంది. అది నర్సమ్మది. కోడలు దాన్ని చక్కగా చుట్టి, ఇచ్చేసి వస్తానని బయల్దేరింది. కాసేపటికి ఖాళీ చేతులతో తిరిగొచ్చింది.

"నర్సమ్మకిచ్చేశావా?" అనడిగాడు మామయ్య.

"లేదు మామయ్యా, చివరింటాయనకిచ్చాను. ఇది నాది కాదమ్మా, ఎవరిదో కనుక్కుంటాలే అని చెప్పులేసుకుని బయల్దేరారు."

మామయ్య కోడలిని కింది నుంచి పైదాకా చూసి, కొడుకు వైపు తిరిగాడు.

"ఒరే అబ్బాయ్, అమ్మాయికి మతిమరుపు మొదలైనట్టుంది. ఎందుకైనా మంచిది, ఓసారి ఆ డాక్టరుకు చూపించు. గుండీ కుట్టించుకున్నాడో లేదో కూడా తెలుస్తుంది."