కరగని ఒంటి వెన్న

మా మేనత్త పోయిందన్న కబురు మామే ఫోన్ చేసి చెప్పాడు. "మీయత్త లేదు పాపా. చీనీ తోటలో పడిపోయుండె. ఎండదెబ్బంట." ఇక ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. "డబ్బా సూసే పోయినాది పాపా. గట్టిగానే ఉండె," అన్నాడు.

ఆ డబ్బా సంగతి తెలియనివాళ్లకు అది దుఃఖంలో దొర్లిన పొంతనలేని మాటలా ఉంటుంది. నాకు మాత్రం ఏం జరిగిందో ఆ మాటతోనే తెలిసిపోయింది.

వాళ్లది తనకల్లు దగ్గర చిన్న ఊరు. బత్తాయిని అక్కడ చీనీ అంటారు. అక్కడ నేల పగిలినట్టే మనుషుల మడమలూ పగులుతాయి. అత్త మడమల్లో రూపాయి బిళ్ల నిలబెట్టవచ్చని మామ వేళాకోళం చేసేవాడు. బెంగళూరులో ఉండే వాళ్లమ్మాయి ఒకసారి ఫోన్‌లో బాడీ బటర్ చేసే వీడియో చూపించింది. అత్తకు ఆ పేరు నోరు తిరగలేదు. ఒంటి వెన్న అంది. మా ఇళ్లలో అదే పేరు నిలిచిపోయింది.

వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, అమ్మాయి పంపిన కోకం గింజల వెన్న, కొబ్బరినూనె, చిటికెడు తేనెమైనం కలిపి కరిగించేది. దించి, చల్లారనిచ్చి, మజ్జిగ కవ్వంతో తెల్లగా పొంగేదాకా చిలికేది. ఆ తర్వాతే వట్టివేరు నూనె, నిమ్మగడ్డి నూనె చుక్కలు చుక్కలుగా వేసేది. నేను తొందరపడి వేడిమీద వేయబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. "నిప్పుల మీద కూసోబెడితే సుట్టం నిలుస్తాడా? వాసనా అంతే." నిమ్మతొక్కల నూనె మాత్రం ఎవరడిగినా కలిపేది కాదు. "అది పూసుకోని బయటికి పోతే ఒళ్లంతా మచ్చలు పడతాయి. ఎండతో ఆటలాడగూడదు," అనేది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

తలవాకిలి పక్కన గోడలో ఒక గూడు ఉంది. వెన్న చేసిన ప్రతిసారీ మొదటి డబ్బా అక్కడ పెట్టేది. మొదటి వేసవిలోనే ఒకటి గమనించింది. పొద్దున గట్టిగా ఉన్న వెన్న, ఎండ మనిషి తట్టుకోలేనంత ముదిరేసరికి నూనెగా మారిపోతోంది. ఇక ఆ ఇంట్లో అదే చట్టమైంది. వెన్న కారినాక ఎవ్వరూ గడప దాటకూడదు.

మా అత్త మొగుడి మాట వినదు, కూతురి మాట వినదు, టీవీలో వాతావరణం చెప్పేవాళ్లను అసలు లెక్కేచేయదు. డబ్బా మాట మాత్రం వినేది. కూలికి పోయే ఆడవాళ్లు కూడా దారిలో ఆగి గూట్లోకి తొంగిచూసేవారు.

"ఏమత్తా, కారిందా?"

"కారింది. యాడికి పోతావు సావడానికి? వచ్చి మజ్జిగ తాగు."

అలా ఆ అరుగు మీద ఎంతమందిని ఆపిందో ఆమెకే తెలియదు.

చిక్కు బెంగళూరు నుంచి వచ్చింది. అమ్మాయి స్నేహితులకు పంపిన డబ్బాలు బస్సు దిగేసరికి నూనెలయ్యాయి. మీ అమ్మ పంపింది వెన్నా, నూనా అని ఎవరో నవ్వారట. అత్తకు తలకొట్టేసినట్టయింది. వెన్న కరగకుండా గట్టిగా నిలవాలని మైనం పెంచింది. మరుసటి వేసవికి అదీ చాలలేదు, ఇంకాస్త పెంచింది. "ఈ ఎండలకి ఎంత మైనమేసినా సాల్తాలేదు," అని విసుక్కునేది. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయని ఊళ్లో అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. కానీ ఆమె దాన్ని మైనం కొరతగానే చూసింది.

ఈ వేసవి మొదట్లో నేను వెళ్లినప్పుడు మిట్టమధ్యాహ్నం గూట్లో డబ్బా తీసి, నా ముందు బోర్లించింది. చుక్క రాలలేదు. "ఇప్పుడు అనమను, నూనె అని." మేమంతా మెచ్చుకున్నాం. బయట చీనీ ఆకులు చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయి. కుక్క నీళ్లతొట్టి పక్కన గుంత తవ్వుకుని పడుకుంది. ఎక్కడా పిట్ట కూత లేదు. పక్కింటి కూలామె వచ్చి గూట్లోకి చూసి, "ఈ యేడు ఎండ తక్కువేమో అత్తా, ఇంగా కారల్యా," అని తలకు తువ్వాలు చుట్టుకుని పోయింది. అత్త కూడా అవునంది. గూట్లో ఉన్నది వెనకటి వెన్న కాదన్న సంగతి, దాన్ని చేసిన మనిషికే తోచలేదు.

అత్త పోయిన రోజు తోటకు ట్యాంకరు నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు పాదులకు పట్టకపోతే చెట్లు దక్కవు. మామ మోకాళ్లనొప్పితో మంచం దిగలేడు. "ఎండ జాస్తి ఉండాది, పొద్దు వాలినాక పోదువులే," అన్నాడట. అత్త గూటి దగ్గరికి పోయి వెన్నను వేలితో నొక్కి చూసింది. "గట్టిగానే ఉండాది. నువ్వు ఊరికే భయపడతావు," అని కొంగు తలకు చుట్టుకుని వెళ్లింది. ట్యాంకరు తోలే అతను చూసేసరికి పాదు పక్కన ఒరిగిపోయి ఉంది.

నేను వెళ్లేటప్పటికి ఆమె చేతుల్లో ఇంకా వట్టివేరు వాసన ఉంది. నాకు వాసనలు పడవు. పారిపోతుంటే పట్టుకుని మరీ నా మోచేతులకు ఆ వెన్న రాసేది. ఆ చేతిని మొహానికి ఆనించుకుని ఏడ్చాను. ఇంతమందిని ఎండ నుంచి కాపాడిన మనిషిని ఎండే తీసుకుపోయిందంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియదు.

మూడోనాడు పొద్దున్నే పక్కింటి కూలామె పనికి పోతూ, అలవాటు కొద్దీ గూట్లోకి వంగి చూసింది. మామ మంచం మీంచి లేచి గోడ పట్టుకుని వచ్చాడు.

"దాన్ని సూసి పోవద్దుమ్మా. అది అబద్ధం సెప్తాది."

ఆమె చేతిలోని సద్దిగిన్నె కిందపెట్టి అరుగు మీద కూలబడింది. ఆ రోజు పనికి పోలేదు.

డబ్బా తీసేయబోతే మామ వద్దన్నాడు. మధ్యాహ్నానికి వాకిట్లో బండలు కాలు పెట్టనియ్యడం లేదు. గూట్లోకి చూశాను. తెల్లటి వెన్న మీద అత్త వేలు నొక్కిన గుంట అలాగే ఉంది. దాని అంచు కూడా కరగలేదు.