యూరియా తిన్న చామంతులు

ఆ రోజుల్లో నాకు లోకంలో ఎవరి మీదా అసూయ లేదు, మా తోటికోడలి చామంతుల మీద తప్ప. పెళ్ళయిన కొత్త, దూలపల్లిలో ఓ చిన్న ఫ్యాక్టరీలో ఉద్యోగం. తూంకుంటలో మా ఇంటి గేటుకు కుడివైపు మడి అక్కది (తోటికోడలిని అలాగే పిలుస్తాను), ఎడమవైపుది నాది. ఆదివారం చర్చిలో బల్ల మీదికి ఎప్పుడూ అక్క పూలే వెళ్ళేవి. పాస్టరమ్మ వాటిని మెచ్చుకున్నప్పుడల్లా నేను గట్టిగా కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు నటించేదాన్ని.

ఆ ఏడు క్రిస్మస్‌కు నా పూలే ఉండాలని పంతం పట్టి, ఎవరికీ చెప్పకుండా శామీర్‌పేటలో ఎరువుల దుకాణానికి వెళ్ళాను. ఆకు కోసమా, పూత కోసమా అని అడిగాడు దుకాణాయన. తెలియదనడం నామోషీగా తోచి, "ఏది జల్దీ పెంచుతదో గదే ఇయ్యి" అన్నాను. యూరియా ఇచ్చి, చిటికెడే వెయ్యమన్నాడు. నేనూ చిటికెడే వేశాను (కాకపోతే వారానికి మూడుసార్లు). మొక్కలు నా నడుము దాకా లేచాయి. అక్కవి మోకాలి దగ్గరే ఆగిపోయాయి. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ రెండు మళ్ళనూ చూసుకుని ఎంత మురిసిపోయానో.

డిసెంబరులో అక్క మడి విరగబూసింది. నా దాంట్లో ఒక్క మొగ్గ లేదు. పూల కోసం వచ్చిన పాస్టరమ్మ నా మొక్కల ముందు ఆగి, "ఇదేం కూరమ్మా?" అంది. అక్కే అందుకుని, "అవి గూడ చామంతులేనమ్మా, జర లేటుగ పూస్తయ్" అంది. (ఆమె నవ్వినా బాగుండేది. ఆ మంచితనానికి ఇంకా కుళ్ళుకున్నాను.)

పాస్టరమ్మ వెళ్ళాక, ఏం వేశావని అక్క మెల్లగా అడిగింది. చెప్పాను. "యూరియాతోటి ఆకే వస్తదే. నన్నడిగితె చెప్పకపోదునా?" అంది. ఆమె వేసేది చివికిన మేకల ఎరువు, గుప్పెడు వేపపిండి, మొగ్గ కట్టే ముందు కాస్త పొటాష్, అంతే. ఆమె దాచిందేమీ లేదు, నేనే అడగలేదు.

మరుసటి ఏడు ఆమె ఇచ్చిన పిలకలతో, ఆమె చెప్పిన ఎరువుతో నా మడీ పూసింది. పూలు అక్క పూలకన్నా రవ్వంత చిన్నవే (పక్కన పెట్టి కొలిచాను). అవి బల్ల మీదికెక్కిన ఆదివారం ఎవరెవరు వాటి వంక చూస్తున్నారో గమనిస్తూ కూర్చున్నాను. ఆ రోజు పాస్టరుగారు ఏ వాక్యం చదివారో మాత్రం, ఇంత వయసొచ్చినా చెప్పలేను.