మా ఆయనకు కడుపు నొప్పి లేదు

మదురై నుంచి కోవిల్‌పట్టి దారిలో చాలాసార్లు వెళ్లాను గానీ, ఒంటరిగా వెళ్లడం ఇదే మొదటిసారి. మా ఆయన దాసుది ఆ ఊరే, తరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆయన తన ప్రాణం తానే తీసుకుని రెండేళ్లు దాటింది. అలా పోయినవాళ్ల గురించి అక్కడ ఇంటివాళ్లు చెప్పే మాట ఒక్కటే: తీరని కడుపు నొప్పి. విన్నవాళ్లు నమ్మినట్టు తలూపుతారు, ఇంకేమీ అడగరు. మా అత్తగారూ అదే చెప్పారు. అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసే మా ఆడపడుచు రాజమ్మ ఈమధ్య ఫోన్ చేసింది. "మా వీదిలో ఇంకొకరు పోయినారు వదినా. మళ్లా ఆ కడుపు నొప్పే అంటా ఉండారు. ఆదివారం చర్చి హాల్లో ఆడోళ్లంతా కూడతారు. నువ్వొచ్చి నిజం చెప్తావా?" వస్తానన్నాను. వెంటనే అత్తగారు ఫోన్ లాక్కున్నారు. "నా కొడుకు సంగతి నలుగురిలో ఎత్తితివంటే నా గడప తొక్కొద్దు." పుట్టిల్లంటూ లేని నాకు మిగిలింది ఆ గడప ఒక్కటే.

హైదరాబాదు నుంచి రైల్లో మదురై చేరి, మాట్టుత్తావణి బస్టాండులో పదింటికి తిరునెల్వేలి బస్సు ఎక్కాను. కిటికీ సీటు దొరికింది. ఇదివరకు దానికోసం ఆయనతో పేచీ పెట్టుకునేదాన్ని, ఇప్పుడు ఎవరూ అడ్డు రాలేదు. గంటన్నరలో విరుదునగర్. నూనెలో కరకరలాడేలా వేయించిన పరోటా తినకుండా ఆ ఊరు దాటకూడదని దాసు సిద్ధాంతం. పన్నెండుకే పెనం పెట్టే కొట్టు ఒకటి వెతుక్కుని కూర్చున్నాను. రెండు పరోటాలు, సాల్నా అనే పలుచటి మసాలా పులుసు కలిపి వంద రూపాయల లోపే. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విన్న పరోటా మాస్టరు పలకరించాడు.

"మనోళ్లేనా? ఒంటిగా వొస్తిరా? ఇంటాయన రాలా?"

"చనిపోయారన్నా."

"అయ్యో, ఏమైనాది?"

కడుపు నొప్పి అనే మాట నోటిదాకా వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరే ఇలా తడబడితే, రాజమ్మ కూడేసినవాళ్ల ముందు ఏం చెప్తాను? తలవంచుకుని పరోటా తుంచుకున్నాను. ఆయన ఇంకో గరిటె సాల్నా పోసి వెళ్లిపోయాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది.

అక్కడినుంచి కోవిల్‌పట్టికి గంటంబావు ప్రయాణం. దారిలో సాత్తూరు దగ్గర దోసకాయలు అమ్మేవాళ్లు బస్సులోకి ఎక్కారు. రెండు వైపులా నల్లరేగడి చేలు తప్ప చూడటానికి ఏమీ లేదు. నాకు ఆవేళ అదే నయమనిపించింది. బస్టాండులో రాజమ్మ ఎదురొచ్చింది. "అమ్మ రాదు వదినా. తలుపేసుకోని కూకోనుండాది" అంది. మూడింటికి హాలుకు వెళ్లాం. బాప్టిజాల్లో, పెళ్లిళ్లలో నన్ను చూసిన మొహాలే అన్నీ. లేచి నిలబడ్డాను.

"మా ఆయనకు కడుపు నొప్పి లేదు" అన్నాను. "మనసులో జబ్బు ఉండింది. నెలల తరబడి సరిగ్గా నిద్ర లేదు. తాను అందరికీ బరువైపోయానని రెండుసార్లు అన్నారు. అది జబ్బని, మందుందని, డాక్టరు దగ్గరకు పోవచ్చని మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. మీ ఇళ్లలో ఎవరైనా అట్లా ఉంటే దాచకండి." అంతే చెప్పి కూర్చున్నాను. చాలామంది నా కళ్లలోకి చూడకుండానే వెళ్లిపోయారు. అంతమంది మధ్య అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను.

మేం చాపలు చుడుతుంటే ఒకామె తలుపు దగ్గరే ఆగిపోయి ఉంది. రాజమ్మతో పాటు అగ్గిపుల్లలు సర్దే మేరీ. "అక్కా, నాకూ అట్లనే తోస్తా ఉండాది" అంది మెల్లగా. "చచ్చిపోవాలనా?" అని నేరుగానే అడిగాను. అవునని తలూపి, అప్పుడు ఏడ్చింది. నేను ఎక్కాల్సిన ఐదింటి తిరుగు బస్సు వదిలేశాను. ఆమె చెప్పినంతసేపూ విన్నాం. ఆ రాత్రి రాజమ్మ ఆమెను ఒంటరిగా వదలకుండా తోడు పడుకుంటానని, పొద్దున్నే సర్కారు ఆస్పత్రికి తీసుకుపోతానని ఒప్పించింది.

వెళ్లేముందు అత్తగారి ఇంటికి వెళ్లాను. తలుపు ఓరగా తీసి ఉంది. గడప తొక్కొద్దన్నారు కదా, మెట్టు మీదే కూర్చున్నాను. హాల్లో నేనన్నది అప్పటికే ఎవరో చేరవేసినట్టున్నారు, లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"వాడు నిద్ర పోతా ఉండలేదా?"

"లేదత్తమ్మా."

"నాకు చెప్పలేదే!"

"నాకూ సగమే చెప్పారు."

ఆవిడ వచ్చి గడపకు అవతల కూర్చున్నారు. రమ్మనలేదు, పొమ్మనలేదు. "ఆ సగం చెప్పు" అన్నారు. చీకటి పడేదాకా చెప్పాను. రెండేళ్లలో మేమిద్దరం ఆయన కోసం కలిసి ఏడ్చింది అప్పుడే.

నిజం చెప్తే దిగులు తగ్గుతుందని నేననను. తిరుగు బస్సులోనూ నా పక్క సీటు ఖాళీయే. కానీ ఆయనను నేను అడగలేకపోయిన మాట మేరీని అడగగలిగాను. అడిగితే లేని ఆలోచన పుట్టదు. లోపల ఉన్నది బయటికి చెప్పుకునే వీలు దొరుకుతుంది. మీకే అలా అనిపిస్తుంటే ఈరోజే ఒక మనిషికి చెప్పండి. ప్రభుత్వం రాత్రీ పగలూ ఉచితంగా నడిపే ఫోన్ సహాయం ఉంది, నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. ఇలాంటి పని మీద ఏ ఊరికైనా వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే: తిరుగు టికెట్ ముందుగా తీసుకోకండి. అందరూ వెళ్లిపోయాక ఎవరో ఒకరు తలుపు దగ్గర ఆగుతారు.