మా ఇంటి డాక్టర్‌కు టీబీ వచ్చినప్పుడు

ఆ రోజు మా ఆయన ఉట్నూర్ వైపు ఊళ్లు తిరిగి వచ్చి జీపు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మాకు వచ్చిన మొదటి ఎన్నికలవి. మంచిర్యాలలో ఏళ్ల తరబడి దవాఖాన నడిపిన డాక్టర్ అని పార్టీవాళ్లు ఆయనను నిలబెట్టారు. ఉతకడానికి చొక్కా తీస్తే జేబులో మూతి తుడుచుకునే దస్తీ మీద నెత్తుటి చార కనిపించింది.

"దుమ్ముకు గొంతు పుండయ్యింది. ఫికర్ చెయ్యకు" అన్నారు.

పెళ్లయినప్పటి నుంచి ఆయన సిరంజీలు ఉడకబెట్టింది నేనే. పొద్దుగూకే వేళకు వచ్చే జ్వరం, భుజాల దగ్గర వదులైపోతున్న చొక్కాలు ఏం చెబుతున్నాయో నాకు తెలుసు.

"గిదే దస్తీ ఎవరన్న పేషెంటు తెచ్చి చూపెడితే మీరేం చెప్తరు?" అని అడిగాను.

ఆయన దస్తీని నా చేతిలోంచి తీసుకుని, "హైదరాబాద్ పోదాం" అన్నారు.

మరునాడే రైలెక్కి హైదరాబాద్ పోయాం. ఆయనకు చదువు చెప్పిన పెద్ద డాక్టర్ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూశారు. దగ్గితే పడే తెమడకు పరీక్ష కూడా చేయించారు.

"రైట్ అప్పర్ లోబ్‌లో క్యావిటీ ఉంది. స్పుటమ్ పాజిటివ్. కంప్లీట్ బెడ్ రెస్ట్ కావాలి." అంటే కుడి ఊపిరితిత్తి పైభాగంలో టీబీ గుంత చేసింది, తెమడలో క్రిములున్నాయి.

"నామినేషన్ వేసిన సార్."

"నీ పేషెంటైతే ప్రచారానికి పంపిస్తావా?"

తిరుగు రైల్లో "ఓట్లయ్యేదాక ఎవ్వరికి చెప్పకు" అన్నారు ఆయన. నాకున్నది ఓట్ల భయం కాదు. మా పాప రోజూ ఆయన కంచంలోనే తినేది. ఇల్లు చేరగానే పాపను కరీంనగర్‌లో మా అవ్వ దగ్గరికి పంపాను. అయినా భయం తగ్గలేదు. ఊరూరా తల్లులు పసిపిల్లలను తెచ్చి ఆయన చేతుల్లో పెడుతున్నారు.

"మన పిల్లను దాచుకున్నం. మంది పిల్లల్ని ఎట్ల ఎత్తుకుంటరు?" అన్నాను.



మర్నాడు నేతవాళ్ల వాడలో సభ. నేను వెనక నిలబడ్డాను. ఆయన మైకు దూరంగా పట్టుకుని, "నాకు టీబీ ఉన్నది. పిల్లల్ని నా దగ్గరికి తేవొద్దు. నాతోని తిరిగినోళ్లల్ల దగ్గున్నోళ్లు పరీక్ష చేయించుకోండ్రి" అన్నారు.

ముందు వరుసలో ఒకామె బిడ్డను కొంగులోకి లాక్కుని లేచిపోయింది. ఆమె వెనకే ఇంకొందరు పోయారు. ఒక ముసలాయన మాత్రం కూర్చున్నచోటి నుంచే, "మా ఇంట్ల అందరికి సూదులేసినవ్. ఇగ నువ్వు పోయి మంచం మీద పండు సారూ. నీ ఓట్లకు మేం తిరుగుతం" అన్నాడు.

ఆయన మంచం పట్టారు. టీబీకి ఇచ్చే స్ట్రెప్టోమైసిన్ సూది నేనే వేసేదాన్ని. దానితోపాటు ఇచ్చిన పీఏఎస్ గోళీలు మింగితే కడుపులో తిప్పి కక్కేవారు. చాకలి మా బట్టలు ముట్టడం మానేశాడు. ఓట్లు లెక్కపెట్టిన రోజు గెలిచారని కబురొస్తే, లేచి కూర్చునే ఓపిక కూడా ఆయనకు లేదు. జనం దండలు తెచ్చి వాకిట్లో పెట్టి పోయారు.

కొంచెం తేరుకుంటున్నారనుకునేలోపు మంచం దిగబోయి పడిపోయారు. చెవిలో హోరు, కళ్లు తిరగడం. పెద్ద డాక్టర్ చూసి, "మందు చెవి నర్వ్‌ను దెబ్బతీసింది. ఇంజెక్షన్ ఆపాలి" అన్నారు.

"ఆపితే రోగం తిరగబెట్టదా డాక్టర్ సాబ్?"

"చెప్పలేనమ్మా. మిగతా మందులు మాత్రం ఒక్కపూట కూడా మానొద్దు."

ఆ మాట విన్నాక నాకు సరిగా నిద్ర లేదు. ఆయన ఊపిరి వింటూ పడుకునేదాన్ని. తెమడ నెగటివ్ వచ్చింది, క్యావిటీ మూసుకుంది, అయినా ఆ భయం పోలేదు. పాపను ఇంటికి తెచ్చుకున్నాక కూడా ఆయన కంచం చాలాకాలం వేరే పెట్టాను.

తరువాతి ఎన్నికల్లోనూ గెలిచి ఆయన మంత్రి అయ్యారు. ఇప్పుడూ ఆ పదవిలోనే ఉన్నారు. ఆ సూది మందుతో ఎడమ చెవి వినికిడి పోయింది. ఆ పక్క నుంచి పలకరిస్తే పలకరని, మంత్రిగారికి గర్వమని కొందరంటారు. ఆయన నవ్వి ఊరుకుంటారు. ఏటా ఎక్స్‌రే తీయిస్తాం. ఇప్పటికీ పక్క గదిలో ఆయన దగ్గితే నా చేతిలో పని ఆగిపోతుంది.

ఇది చదివేవారికి నేను చెప్పేది ఒకటే. ఇంట్లో డాక్టరే ఉన్నాడని ధీమాగా ఉండకండి. దగ్గు తగ్గకపోతే బయటి డాక్టర్‌కు చూపించి, తెమడ పరీక్ష చేయించండి. వద్దన్నా వినకుండా వెంటబెట్టుకుపోండి.