మామ సాక్ష్యం

సిరిసిల్లలో మా వాడకట్టు శ్రీహరికి ఒక అలవాటుండేది. పొద్దున్నే కార్ఖానాకు వచ్చి, నేల మీద రాలిన నూలు పోగులను ఏరి, తొడ మీద వత్తులు చేసి, మార్కండేయ గుడిలో దీపానికి ఇచ్చి వచ్చేవాడు. ఆ తర్వాతే తన సాంచా, అంటే మరమగ్గం, నడిపేవాడు. ఎదురు సాంచాల మీద పనిచేసే మామ సిద్దిరాములు నవ్వేవాడు.

"దేవునికి గూడ మన చెత్తేనా అల్లుడా?"

నవ్వినా, తన వైపు రాలిన మంచి పోగులను ఏరి కిటికీలో పెట్టేవాడు.

తర్వాత శ్రీహరి, మామ కూతురు కోమల విడిపోయారు. బిడ్డ నవీన తల్లి దగ్గర ఉండిపోయింది. బిడ్డకు నెలనెలా భరణం కట్టాలని కోర్టు చెప్పింది. అయినా సిద్దిరాములు కిటికీలో పోగులు పెట్టడం మానలేదు. పైగా డబ్బు కట్టే రోజు మనవరాలిని వెంటబెట్టుకుని కోర్టు వరండాకు వచ్చేవాడు. తండ్రీబిడ్డలు కలుసుకునే చోటు ఆ బెంచీ ఒక్కటే. పిల్ల రెండు జడలతో, పూలతో వచ్చేది. ఆ జడలు వేసి పంపేది కోమలేనని శ్రీహరికి తెలుసు.

నిరుడు ఆర్డర్లు ఆగిపోయాయి. సాంచాల ఆసామి వాటిని పాత ఇనుము కింద తూకానికి అమ్మేశాడు. తోటివాళ్లు మగ్గాల పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండి పోయారు. శ్రీహరి పోలేదు, పోతే ఆ బెంచీ కూడా దక్కదని. హమాలీ పనికి పోతే ఒకరోజు దొరికేది, ఒకరోజు దొరికేది కాదు. భరణం ఆగింది. వట్టి చేతులతో బిడ్డకు ఎదురుపడలేక కోర్టు వైపు పోవడమే మానేశాడు.

నోటీసు వచ్చింది. వకీలు మెత్తగానే చెప్పాడు.

"కట్టకుంటే జైలుకు పంపుతరు శ్రీహరీ. పని పోయింది, జర తగ్గించుండ్రి అని అర్జీ పెట్టుకో. తప్పేం లేదు. గని పని పోయిందని చెప్పే సాక్షి కావాలె."

అర్జీలో బిడ్డ పేరు, దాని కింద 'తగ్గించవలసిందిగా' అన్న మాట. బిడ్డ కంచంలో ముద్ద తనే తీస్తున్నట్టు అనిపించింది. తల వంచుకుని సంతకం పెట్టాడు.

ఆసామి ఫోన్ ఎత్తలేదు. ఇక ఊళ్లో మిగిలిన సాక్షి సిద్దిరాములే. మనవరాలికి వచ్చేది తగ్గించమని తాతనే చెప్పమనాలి.

గుడిలో మొక్కుకుని బయల్దేరినా, మామ ఇంటి గల్లీ మొదటి నుంచే వెనక్కు తిరిగాడు. మరునాడు పోయాడు. సిద్దిరాములు అరుగు మీద కూర్చుని మనవరాలి చినిగిన పాత బడిసంచి కుడుతున్నాడు. పిల్ల బడికి పోయి ఉంది.

"ఏందల్లుడా, తోవ మర్చిపోయినవనుకున్న. నిలబడ్డవేంది, కూసో."

శ్రీహరి కూర్చోలేదు. చెప్పవలసింది నేల చూస్తూ చెప్పాడు. సిద్దిరాములు దారం కొరికి, సూదిని జాగ్రత్తగా అంగీకి గుచ్చుకున్నాడు.

"కార్ఖానా బందయిన నాడు నీ పక్కన నిలబడ్డది నేనే గదా. అబద్ధమైతే పరేషాన్ కావాలె, నిజానికేంది? నా పని గూడ పోయిందని చెప్త. జడ్జికి ఒక్క ఖర్చుల ఇద్దరి సాక్ష్యం దొర్కుతది."

శ్రీహరికి నవ్వు రాలేదు.

"కోమల ఏమంటదో మామా..."

"తిడ్తే నన్ను తిడ్తది. అలవాటే."

లోపలి నుంచి కోమల గొంతు వినిపించింది. "బాపూ, చాయ్ సల్లారుతుంది. రెండు గిలాసలు పెట్టిన."

అంతా విన్నదన్నమాట. శ్రీహరి చాయ్ తాగాడు గాని లోపలి వైపు చూడలేదు. ఖాళీ గ్లాసును అరుగు మీద పెట్టి, లేచి, మళ్లీ ఆగాడు.

"మామా, ఇంకొక్కటి. వాయిదా నాడు నవీనను తోలుకరాకు. తగ్గించుండ్రి అన్న మాట దాని ముంగట చెప్పలేను. నువ్వొక్కనివే రా."