భూమి కింద రైట్ రైట్ బాబాయ్

ఊరు కాని ఊరు, దేశం కాని దేశం. అలాంటి చోట, కిక్కిరిసిన ఒక రాజధానిలో, భూమి కింద పరుగెత్తే రైలును అరచేతి దెబ్బతో నగరమంతా తిప్పించి, మళ్లీ తన చెప్పుల ముందుకే రప్పించి నిలబెట్టుకున్న మొనగాడు ఒక్కడే ఉన్నాడు. మా వీధి చివరింటి రైట్ రైట్ బాబాయ్! ఆ దేశపు ఇంజనీర్లకు కూడా అది చేతకాదు. నమ్మకపోతే మానెయ్యండి. నాలాగా బడికి మధ్యలోనే దండం పెట్టి బయటపడ్డవాళ్ల మాట మీరు ఎప్పుడు నమ్మారు గనక?

బాబాయ్ బస్సు కండక్టరు. ఉద్యోగమంతా ఒకే రూటులో, వెనక తలుపు దగ్గర నిలబడే గడిపేశాడు. అందరూ ఎక్కేదాకా తను ఎక్కడు. చివరి మనిషి కాలు లోపల పడ్డాక బస్సు డొక్క మీద రెండు దెబ్బలు వేసి, "రైట్ రైట్" అని, కదిలే బస్సులోకి ఎగిరి దూకుతాడు. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదల్లేదు. పెళ్లి భోజనాలకు వెళ్లినా జనాన్ని ముందు లోపలికి తోసి, తను ఆఖరి పంక్తిలో చల్లారిన అన్నం తినేవాడు.

పిన్నికి ఒక్కటే కోరిక. వంటింటి క్యాలెండరు బొమ్మలో ఏళ్ల తరబడి చూసిన ఎత్తైన టవర్ ఎక్కి, పైనుంచి కిందికి ఒకసారి చూడాలని. "ఈసారి డ్యూటీ లేదుగా, చూపిస్తా పద" అని బాబాయ్ మాటిచ్చి, యాత్రా బృందంతో విమానం ఎక్కించాడు.

ఆ నగరంలో వాళ్లకు దొరికింది ఒకే ఒక్క రోజు. గైడు అమ్మాయి ఎర్ర గొడుగు పైకెత్తి పరుగు, వెనక వీళ్ల పరుగు. రాజభవనం గేటు చూశారు, భవనం చూడలేదు. మ్యూజియంలో బొమ్మల కంటే వాటి ముందు నిలబడ్డ వీపులే ఎక్కువ చూశారు. వంతెన మీద నది చూద్దామని పిన్ని ఆగితే, వెనకున్న జనం ఆమెను అటు చివరిదాకా మోసుకెళ్లి దించారు.

"అయ్యో, నది ఏదండీ?" అంది పిన్ని.

"దాటేశాం. టవర్ మీంచి చూద్దువుగాని నడు."

టవర్‌కి వెళ్లాలంటే భూమి కింద రైలెక్కాలి. మెట్లు వాటంతటవే దిగుతున్నాయి. కింద ప్లాట్‌ఫారం మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ జనాన్ని చూడగానే బాబాయ్‌కి ఒంట్లోకి పాత రక్తం ఎక్కింది. రైలు వచ్చి ఆగింది.

"జరగండమ్మా, లోపలికి జరగండి! మధ్యలో అంతా ఖాళీయే! ఆ సంచీ కిందపెట్టు బాబూ!"

"టికెట్ ఇవ్వవా బాబాయ్?" అన్నాడు బృందంలో ఉన్న మందుల షాపాయన.

"నీకు హాఫ్ టికెట్టేరా, బుర్ర అంతే ఉంది. నడు లోపలికి!"

గొడుగు ఎక్కింది. బృందమంతా ఎక్కింది. పిన్ని ఎక్కింది. భాష తెలియని ఆ దేశస్థులను కూడా నలుగురిని భుజం పట్టి ఎక్కించాడు. తర్వాత, అలవాటుగా, పెట్టె డొక్క మీద ఫటఫటమని రెండు దెబ్బలు వేశాడు. "రైట్ రైట్!"

తలుపులు మూసుకున్నాయి. రైలు కదిలింది. దూకడానికి చూస్తే మెట్టు లేదు, కమ్మీ లేదు. అద్దం వెనక పిన్ని నోరు తెరిచి ఏదో అంటోంది. చూస్తుండగానే సొరంగం ఆమెను మింగేసింది.

ఫోన్లు హోటల్ గదిలో ఉన్నాయి. "ఇద్దరం పక్కపక్కనే ఉంటాంగా, ఎవరికి ఎవరం చేసుకుంటాం" అని బాబాయే పెట్టించాడు. హోటల్ పేరున్న కార్డు పిన్ని చేతిసంచిలో ఉంది. గోడ మీద పటం చూస్తే, పిల్లలు చిక్కుపెట్టిన రంగుదారాల్లా ఉంది. గుండె గుభేలుమన్నది మాత్రం వీటికి కాదు. పొద్దున తను పిన్నితో అన్న మాట గుర్తొచ్చింది. "చూడు, ఎవరు ఏం చెప్పినా సరే, నేను దిగమనేదాకా నువ్వు దిగకు."

దిగి ఉంటే బృందంతో క్షేమం. దిగకపోతే ఆ రైలు ఆమెను ఏ మూలకు తీసుకుపోతుందో! వెనక రైలెక్కి వెతుకుదామా? ఆమె తిరిగి ఇక్కడికే వస్తే? కాళ్లు ముందుకు రావు, వెనక్కి పోవు. వేలమందిని దిగాల్సిన చోట దించిన మనిషికి, తన మనిషి ఎక్కడ దిగిందో తెలియలేదు.

నారింజ కోటు వేసుకున్న రైల్వే ఉద్యోగిని కనబడింది. మన శాఖ మనిషేనని ప్రాణం లేచొచ్చి, "స్టాఫ్! స్టాఫ్!" అంటూ గుండె మీద కొట్టుకున్నాడు. ఆమె ఆ ముఖం, ఆ చెమట, ఆ గుండె మీద చెయ్యి చూసి గుండెనొప్పే అనుకుంది. పట్టుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టింది. ఇంకో నారింజ కోటు పరుగెత్తుకొచ్చి నాడి పట్టుకున్నాడు.

"నాకేం కాలేదయ్యా! మా ఆవిడ వెళ్లిపోయింది, మా ఆవిడ!"

వాళ్లు జాలిగా తలూపి మంచినీళ్లు తాగించారు. లేవబోతే మెల్లగా మళ్లీ కూర్చోబెట్టారు. రైళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. కిటికీలు చూద్దామంటే జనం కాళ్లు తప్ప ఏమీ కనబడవు. కాసేపటికి బాబాయ్ అడగడం మానేశాడు. నీళ్లిస్తే తాగాడు. చెయ్యి అడిగితే ఇచ్చాడు.

ఏ రైలో ఏమో, తలుపులు తెరుచుకున్నాయి. జనం పలచబడ్డ సందులోంచి తెలిసిన చీర అంచు కనబడింది. పిన్ని తలుపు పక్క సీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది. గడప దాటలేదు.

"ఏమండీ, దిగనా?"

బాబాయ్ నారింజ కోట్ల చేతులు విడిపించుకుని తలుపు దగ్గరికి ఉరికాడు. "దిగు" అన్న ఒక్క మాట మాత్రం అనలేదు. తలుపులు కీచుమన్నాయి. పిన్ని ఒక చెయ్యి చాపి అతని చొక్కా పట్టి లోపలికి లాగింది.

"అందరూ టవర్ దగ్గర దిగారు. గొడుగమ్మాయి చెయ్యి పట్టుకుని లాగింది కూడా. మీరు చెప్పలేదుగా, విడిపించుకుని కూర్చున్నాను" అంది.

వాళ్లు టవర్ దగ్గర దిగేసరికి గేటు వేసేశారు. గొడుగమ్మాయి ఏడుస్తూ నిలబడి ఉంది. తెల్లారితే విమానం.

ఈ ఘనకార్యాన్ని నేను వీధిలో కథగా చెబుతుంటే, అరుగు మీద కూర్చున్న బాబాయ్ చివరిదాకా విని ఇంతే అన్నాడు:

"నేనేం తిప్పలేదురా. అది గుండ్రంగా తిరిగే లైనట, ఏ రైలైనా మళ్లీ అక్కడికే వస్తుంది. మీ పిన్ని దిగలేదు, అంతే. టవర్ కూడా చూడలేదు."